వచ్చే ఏడాది వంతు

మే 12, సోమవారం

కోల్బీని అక్కడ దించి వచ్చి ఒక రోజయింది. తలుపు దగ్గరి నర్సు నాక్కూడా ఒక కాగితం ఇచ్చింది. ఇంట్లో ఉండేవాళ్లు రోజూ ఏదో ఒకటి రాసుకుంటే మంచిదట. ఎవరికీ చూపించక్కర్లేదట. పదో క్లాసు సగంలో మానేసిన దాన్ని. చదవడం రాక కాదు, నలుగురి ముందు పైకి చదవలేక మానేశాను. రాసేది ఎవరికీ వినపడదు కాబట్టి రాస్తున్నాను.

ముప్పై రోజులు. ఫోను వాళ్లే తీసుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం పది నిమిషాలు మాట్లాడనిస్తారు.

ఎవరైనా అడిగితే నార్త్ డకోటాలో గ్యాసు పైపుల పనికి వెళ్లాడని చెప్పాలి. కారులో ఇద్దరం కలిసి అనుకున్నాం. అంటే కోల్బీ అన్నాడు, నేను తలూపాను.

దిగేముందు నా చేతిలో మడిచిన కాగితం పెట్టాడు. నాలుగు పేర్లున్నాయి. "ఏం పోయినా పోనీ డార్స్. జట్టు మాత్రం పోనివ్వకు," అన్నాడు. తను ఎప్పుడు తిరిగొస్తాడో, నేను ఎలా ఉంటానో అనలేదు. కంగారులో ఉన్నాడు కదా.

మే 13

పనికి వెళ్లాను. ఎవరూ అడగలేదు.

మే 14

ఆట సంగతి రాసుకుంటే నాకే అర్థమవుతుందని రాస్తున్నాను. మూడేళ్లుగా పక్క గదిలోంచి వింటున్నదే, అయినా వరసగా ఎప్పుడూ ఆలోచించలేదు.

పన్నెండు జట్లు. బడిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన కుర్రాళ్లు పదకొండు మంది, వాళ్ల కోచ్ రస్ ఒకరు. వీళ్లెవరూ ఇప్పుడు మైదానంలో ఆడరు. టీవీలో ఆడే అసలు ఆటగాళ్లను పేర్లతో పంచుకుంటారు. ఆదివారం ఆ ఆటగాడు ఎంత బాగా ఆడితే, వాడి పేరు ఎవరి దగ్గరుంటే వాళ్లకు అన్ని పాయింట్లు. వేరే లీగుల్లో ఏటా అంతా చెరిపేసి కొత్తగా మొదలుపెడతారట. వీళ్లది డైనస్టీ లీగ్. ఒకసారి తీసుకున్నవాడు నీవాడే, వాడు ఆట మానేదాకా, లేదా నువ్వు వదులుకునేదాకా. కోల్బీ దగ్గర పదకొండేళ్లుగా ఉన్నవాళ్లున్నారు. నేను వచ్చి మూడేళ్లే.

ఏటా కాలేజీ నుంచి కొత్తవాళ్లు వస్తారు. వాళ్లను పంచుకోవడానికి మే నెలాఖరు శనివారం కోచ్ గారేజీలో చేరతారు. జట్టుకు నాలుగు వంతులు, చుట్టుకొకటి. నిరుడు ఆఖరున నిలిచినవాడిది మొదటి వంతు. నిరుడు ఆఖరున నిలిచింది మేమే. ఆ వంతులను ఇచ్చిపుచ్చుకోవచ్చు కూడా, రాబోయే ఏళ్లవైనా సరే.

వంతు వచ్చినవాడు లేచి గోడ మీది పెద్ద బోర్డు దగ్గరకు వెళ్లాలి. పేరున్న చీటీ ఊడదీసి తన జట్టు కింద అంటించి, అందరికీ వినపడేలా పైకి చదవాలి. వినపడకపోతే చెల్లదు.

వరసగా రెండేళ్లు రానివాడి జట్టును ఓటు పెట్టి ఇంకొకరికి ఇచ్చేస్తారు. పనిలో ఉన్నా ఆసుపత్రిలో ఉన్నా ఇంటి మనిషి రావచ్చు. నిరుడు కోల్బీ వెళ్లలేదు. ట్రక్కులో నిద్రపోయాడు. అప్పుడు ఒంట్లో బాగుండేది కాదు.

కాబట్టి ఈసారి నేను వెళ్లాలి.

మే 16

వృద్ధాశ్రమం లాండ్రీలో డ్రయ్యర్లు తిరుగుతుంటే ఎవరికీ ఏమీ వినపడదు. దుప్పట్లు మడుస్తూ పేర్లు పైకి చదివాను. రాషాన్ ప్రూయిట్. రాషాన్ ప్రూయిట్. కాగితం మీద మొదటి పేరు అదే. కోల్బీ దాని కింద రెండు గీతలు గీశాడు.

మే 18, ఆదివారం

మాట్లాడాడు. గొంతు పలచగా ఉంది.

"తింటున్నావా?" అని అడిగాను.

"సూపు. గుడ్లు. ఏదో ఒకటి. రేడియో వింటున్నావా? ప్రూయిట్ గురించి ఏమంటున్నారు?"

"బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లలో ఇలాంటివాడు పదేళ్లకు ఒకడు వస్తాడంటున్నారు."

"చెప్పానా. వాణ్ని తీసుకో, ఇంకేం ఆలోచించకు. ఎవడేం చెప్పినా వినకు, నీకు తెలీదని మాయచేస్తారు. వచ్చే ఏడాది మన మొదటి చుట్టు వంతు కూడా మన దగ్గరే ఉంది కదా, ఇంకొకణ్ని తెస్తాం. రెండేళ్లలో చూడు డార్స్."

రెండేళ్లు అన్నాడు. ఈ మధ్య రేపటి గురించి కూడా మాట్లాడేవాడు కాదు. ఫోను పెట్టేశాక ఆ మాట చాలాసేపు నాతోనే ఉంది.

మే 20

వచ్చే ఏడాది మొదటి చుట్టు వంతు మా దగ్గర లేదు.

కోల్బీ ఫోనులోని లీగ్ యాప్ ఇంట్లో పాత టాబ్లెట్‌లో కూడా కనిపిస్తుంది. ఇచ్చిపుచ్చుకున్నవన్నీ తేదీలతో ఉన్నాయి. అక్టోబరు 19, మధ్యాహ్నం 3:40. మా వచ్చే ఏడాది మొదటి చుట్టు వంతు, ఆ పదకొండు మందిలో ఒకడైన గార్త్‌కు వెళ్లింది. బదులుగా బంతిని తన్నేవాడొకడు, ముప్పై ఏడేళ్లవాడు, మా దగ్గరకు వచ్చాడు. తన్నేవాళ్లు ఊరికే దొరుకుతారు. వాణ్ని డిసెంబరులో అసలు జట్టువాళ్లే తీసేశారు.

కోల్బీకి ఏదో లెక్క ఉండే ఉంటుంది.

ఆ తేదీ నాకు గుర్తుంది. పని అయ్యాక వచ్చి తీసుకెళ్తానంటే ఆశ్రమం మెట్ల మీద రెండు గంటలు కూర్చున్నాను. వాన. ఆ రోజు అతనికి చాలా పని ఉండింది.

మే 21

ఏదో లెక్క ఉండే ఉంటుంది.

మే 22

మధ్యాహ్నం రేడియోలో చెప్పారు. ప్రూయిట్‌కు సాధనలో మోకాలు పోయింది. లోపలి నరం తెగిందట. ఈ ఏడాదంతా ఆడడు. దిండు గలీబులు నాలుగు తప్పుగా మడిచాను.

కోల్బీకి తెలియదు. అక్కడ టీవీలో తోటపని, వంటలు తప్ప పెట్టరు.

మే 25, ఆదివారం

ప్రూయిట్ మోకాలి సంగతి చెప్పేలోపు సమయం అయిపోయింది.

నిజానికి మూడు నిమిషాలు మిగిలాయి. పక్కింటివాళ్ల కొత్త కంచె గురించి చెప్పాను.

మే 27

అంగడిలో గార్త్ ఎదురయ్యాడు. కూరగాయల దగ్గర బండి అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"ఏమ్మా డార్సీ, మా వాడు ఎలా ఉన్నాడు? డబ్బులు మోసుకొస్తాడా?"

"బాగానే ఉన్నాడు."

"శనివారం నువ్వొస్తావని కోచ్ అన్నాడు. పాపం, నీకెందుకీ గొడవ? అందరూ మగాళ్లు, అరుపులు, బూతులు. నువ్వేమో నీ పేరడిగితే కూడా నేల చూస్తావు. మా తమ్ముడు ట్రెంట్ నాలుగేళ్లుగా చోటు కోసం కాచుకుని ఉన్నాడు. కోల్బీతో ఒక మాట చెప్పించు, గౌరవంగా వదులుకున్నట్టు ఉంటుంది. ఓటు పెట్టి తీసేస్తే ఏం బాగుంటుంది చెప్పు?"

"నేను వస్తాను," అన్నాను.

"ఏంటీ?"

"వస్తాను."

"ప్రూయిట్‌నే తీసుకోమన్నాడా?" అని నవ్వాడు. "కుంటివాడితో మళ్లీ ఆఖరున నిలుస్తారు." ఆ నవ్వెందుకో ఇంటికొచ్చాక అర్థమయింది. మేం ఎంత ఓడితే వచ్చే ఏడాది మా వంతు అంత ముందుకొస్తుంది. ఆ వంతు ఇప్పుడు అతనిది.

మే 29

చెప్పిన మాట వింటే ప్రూయిట్‌ను తీసుకోవాలి. రేడియోలోని వాళ్లంతా మైకా ఓల్డమ్‌ను తీసుకోమంటున్నారు, బంతి అందుకునేవాడు, మోకాళ్లు బాగున్నాయి. ఓల్డమ్‌ను తీసుకుంటే కోల్బీకి ఏమని చెప్పను? ప్రూయిట్‌ను తీసుకుని ఓడితే ఏమని చెప్పను? ఎవరూ నన్ను అడగని రోజులే బాగుండేవి.

ఒకటి మాత్రం తోచింది. మోకాలు విరిగినవాణ్ని ఎవరూ ముట్టుకోరు. అయితే మొదటి వంతుతోనే తీసుకోవాలని ఏముంది? మొదటి చుట్టులో గార్త్‌ది నాలుగో వంతు. ఆ మాట రాసి కొట్టేశాను. మళ్లీ రాశాను.

మే 30

పేర్లు చదివీ చదివీ గొంతు పట్టేసింది. వేడినీళ్లు తాగాను.

మే 31, శనివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. రేపు కోల్బీకి ఇదే చెప్పాలి.

గారేజీ తలుపు పైకెత్తి ఉంది. మడత కుర్చీలు, ఐసుపెట్టెలు, పళ్లెం నిండా పొగలో కాల్చిన పంది మాంసం. ఒక కుర్చీ వీపు మీద టేపు అంటించి కోల్బీ అని రాసి ఉంది. అందులో కూర్చున్నాను. పక్క కుర్చీ డెన్నీది. అతను కుర్చీ నిండా ఉంటాడు. "భయపడకు, వీళ్లు కరవరు. మాంసం ఉంది కదా," అన్నాడు.

కోచ్ గడియారం పెట్టబోతుంటే గార్త్ చెయ్యెత్తాడు.

"ఒక్క నిమిషం కోచ్. డార్సీ, కోల్బీ ఏ కంపెనీలో చేస్తున్నాడు?"

"పైపుల పని. నార్త్ డకోటా."

"కంపెనీ పేరు అడుగుతున్నా."

కారులో మేం కంపెనీ పేరు అనుకోలేదు.

"మా బావమరిది అక్కడే ఉంటాడు," అన్నాడు గార్త్ అందరి వైపు తిరిగి. "ఏప్రిల్‌లోనే పని ఆపేసి అందర్నీ ఇళ్లకు పంపేశారట. లేని పనికి వీడెలా వెళ్లాడు?"

"నువ్వేమైనా పోలీసువా?" అన్నాడు డెన్నీ.

"రూలు నేను రాయలేదురా. పనిలో ఉంటేనో ఆసుపత్రిలో ఉంటేనో ఇంటి మనిషి రావచ్చు. ట్రక్కులో పడి నిద్రపోతుంటే కుదరదు. నిరుడూ అంతే, ఈ ఏడూ అంతే. ఓటు పెట్టండి."

కోచ్ నా కుర్చీ దగ్గరకు వచ్చి కొంచెం వంగాడు. "అడగక తప్పదమ్మా. కోల్బీ పనిలో ఉన్నాడా?"

ఉన్నాడు అనాలి. అనుకున్నది అదే. కానీ ఉన్నాడంటే తరువాత ప్రశ్న వస్తుంది, దాని తరువాత ఇంకొకటి. ఆ ప్రశ్నలన్నీ వరసగా నాకు కనిపించాయి.

"లేడు," అన్నాను.

గార్త్ చేతులు చాచాడు, చూశారా అన్నట్టు.

"ఆసుపత్రిలో ఉన్నాడు."

"వినపడలేదు," అన్నారు వెనకనుంచి ఎవరో.

లేచి నిలబడ్డాను. "ఆసుపత్రిలో ఉన్నాడు. తాగుడు మాన్పించే చోటు. ఇరవై రోజులయింది. పైపుల సంగతి అబద్ధం."

డెన్నీ చేతిలోని బీరు డబ్బాను కుర్చీ కింద పెట్టాడు. ఇంకో ఇద్దరు కూడా పెట్టారు. ఒక్కరూ నా ముఖం వైపు చూడలేదు. నాలాగే నేల చూశారు.

"అది ఆసుపత్రి కిందికి వస్తుందా అసలు?" అన్నాడు గార్త్, కానీ గొంతు తగ్గింది.

"తలుపు దగ్గర నర్సు ఉంటుందా?" అని కోచ్ నన్ను అడిగాడు.

"ఉంటుంది."

"అయితే ఆసుపత్రే. గడియారం పెట్టండి. డార్సీ, మొదటి వంతు మీది. పది నిమిషాలు."

బోర్డు దగ్గరకు నడిచాను. గడియారంలో ఎర్ర అంకెలు తగ్గుతున్నాయి. ప్రూయిట్ చీటీ ఎడమవైపు, ఓల్డమ్ చీటీ పక్కనే. వెనకనుంచి గార్త్ వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు మెత్తగా మాట్లాడాడు.

"నీ మంచికే చెప్తున్నా. మొదటి వంతు నాకివ్వు. నా నాలుగో వంతు నీకిస్తా. పైన బ్రాడిక్‌ను కూడా ఇస్తా, వాడు రెండుసార్లు కప్పు గెలిచినవాడు."

బ్రాడిక్‌కు ముప్పై నాలుగేళ్లు. వచ్చే ఏడాది మానేస్తానన్నాడు. రేడియోలో అతని గొంతుతోనే విన్నాను.

"బ్రాడిక్ వద్దు," అన్నాను. "మా వచ్చే ఏడాది వంతు ఇవ్వండి."

గార్త్ నవ్వబోయి ఆగాడు. "ఏ వంతు?"

"అక్టోబరు పంతొమ్మిదిన తీసుకున్నది. తన్నేవాడికి."

"ఆగాగు," అన్నాడు డెన్నీ. "మొదటి చుట్టు వంతు తన్నేవాడికా? ఒరేయ్ గార్త్, ఆ రోజేగా కోల్బీ ఫోనులో నాలుక తిరక్క మాట్లాడాడని నాకు చెప్పి పడీపడీ నవ్వావు? అప్పుడేనా రాయించుకుంది?"

"వాడే ఫోన్ చేశాడు. వాడే ఇస్తానన్నాడు. అందరూ చూశారు, అప్పుడెవడూ నోరెత్తలేదే."

అది నిజమే. కోచ్ మెడ రుద్దుకున్నాడు.

"ఇవ్వకురా, నాకే మంచిది," అన్నాడు డెన్నీ. "ఆ పిల్ల ప్రూయిట్‌ను తీసుకుంటుంది, రెండో వంతు నాది, ఓల్డమ్ నా ఒళ్లో పడతాడు. నువ్వు బ్రాడిక్‌తో కలిసి పెన్షన్ తీసుకో."

గడియారంలో రెండు నిమిషాలు. చెయ్యెత్తి వేలిని ఓల్డమ్ చీటీ మూల మీద పెట్టాను. గోరుతో కొంచెం లేపాను. వేలు తీయలేదు. ఒకటిన్నర. నలభై సెకన్లు.

"సరే," అన్నాడు గార్త్. "సరే, సరే. తీసుకో. రాయండి కోచ్."

కోచ్ రాశాడు. ఇద్దరం అవునన్నాం. వచ్చే ఏడాది మళ్లీ మాది.

గార్త్ ఓల్డమ్‌ను అంటించాడు. డెన్నీ నన్ను చూసి, "నా ఒళ్లోంచే తీసి వాడికిచ్చావు కదే," అని గొణుక్కుంటూ ఇంకెవరినో తీసుకున్నాడు. మూడో వంతు కోచ్‌ది, నాలుగోది నాది. ప్రూయిట్ చీటీ అలాగే ఉంది. ఇంకొక్కరు దాటితే చాలు. ఏమనుకున్నానో ఎవరికీ కనపడకూడదని చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

కోచ్ ఎక్కువసేపు నిలబడలేదు. "రాషాన్ ప్రూయిట్," అన్నాడు.

తల ఎత్తాను. చీటీ అప్పటికే అతని జట్టు కింద ఉంది.

"ఏడాది కూర్చుంటాడు, అంతేగా. నేను ఇరవై ఆరేళ్లు మోకాళ్లు చూశాను," అన్నాడు కోచ్, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. తరువాత నా వైపు తిరిగాడు. "వీడు మీకు కావాలని నాకు తెలుసు. నన్ను తిట్టుకోకు డార్సీ. ఆటకొచ్చినవాళ్లకు దానం చెయ్యను, అది నీకు మర్యాద కాదు."

"లేదు కోచ్," అన్నాను.

పదేళ్లకని జట్లు కట్టుకున్నవాళ్లు వీళ్లు. విరిగిన మోకాలి కోసం ఎవరూ కాచుకోరనుకున్నది ఆ గారేజీలో నేనొక్కదాన్నే.

నా వంతు వచ్చింది. కాగితం మీది మిగతా మూడు పేర్లలో ఒకటి చెబితే సరిపోయేది. కాగితం తీయలేదు. ఎలై మార్ష్‌ను తీసుకున్నాను. బంతి విసిరేవాడు. అతని జట్టులో పెద్దాయన ఇంకో రెండేళ్లు ఆడతాడు, అప్పటిదాకా ఇతనికి మైదానం పక్కన బల్ల మీద కూర్చోవడమే పని. రెండేళ్లు అని కోల్బీయే కదా అన్నాడు. చీటీ అంటించి పేరు చదివాను.

"వినపడిందమ్మా తల్లీ," అన్నాడు డెన్నీ. "పక్క ఊళ్లో కూడా."

జట్టు మాదే. ప్రూయిట్ లేడు.

జూన్ 1, ఆదివారం

రెండున్నరకు ఫోను మోగింది. ముందు అదే అడిగాడు.

"ప్రూయిట్ మనవాడేనా?"

"కాదు. జట్టు మనదే. ప్రూయిట్ కాదు."

"అదేంటి? మొదటి వంతు మనదేగా?"

వరసగా చెప్పాను. మోకాలి సంగతి పోయిన ఆదివారమే తెలుసని, చెప్పకుండా కంచె గురించి చెప్పానని. పైపుల అబద్ధం నిలవలేదని, నువ్వెక్కడున్నావో అందరికీ చెప్పానని.

"అందరి ముందా?"

"అందరి ముందు."

"గార్త్ కూడా ఉన్నాడా?"

"అడిగిందే గార్త్."

ఫోను పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. అందుకని మిగతాది కూడా చెప్పాను. మొదటి వంతు ఇచ్చి, నాలుగోది, మా వచ్చే ఏడాది వంతు వెనక్కి తెచ్చానని.

"మన వంతు గార్త్ దగ్గరెందుకుంటుంది?" అన్నాడు.

కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు.

పోయిన ఆదివారమైతే నేనేదో ఒకటి అల్లేదాన్ని. పొరపాటున పడిందేమోననో, కోచ్ సరిచేశాడనో.

"నువ్విచ్చావు. అక్టోబరులో. ఒక తన్నేవాడి కోసం."

"నేనా?"

"నువ్వే. ఆ రోజు బాగా తాగి ఉన్నావు. నన్ను తీసుకెళ్లడానికి రావాల్సిన రోజు."

అటువైపు ఎవరో కుర్చీ జరిపారు. టీవీలో వంటలావిడ ఉల్లిపాయల గురించి చెబుతోంది.

"నాకు గుర్తే లేదు డార్స్."

"తెలుసు."

"ఇంకా ఏమేం ఇచ్చేశాను?"

గోడ గడియారం చూశాను. నాలుగు నిమిషాలున్నాయి. చిన్నవాటితో మొదలుపెట్టాను.